కథ ఎవరి వంతు?

పార్లమెంటులో మాట్లాడాలంటే వంతు రావాలి. ఆ వంతు ఎవరికి ఎప్పుడు వస్తుంది, వచ్చినవారికి ఎన్ని నిమిషాలు దక్కుతాయి అన్నది పార్టీల సంఖ్యాబలాన్ని బట్టి ముందుగానే తేలిపోతుంది. పెద్ద పక్షాలకు గంటలు, చిన్న పక్షాలకు నిమిషాలు, స్వతంత్ర సభ్యునికి సభాపతి దయ. గంట మోగిన తరువాత పలికిన మాట రికార్డుకెక్కుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. పాతికేళ్ళుగా పత్రికా ప్రతినిధుల గ్యాలరీలో కూర్చుని ఈ పద్ధతిని చూస్తున్న నాకు, వంతు అనే మాటకు మరొక అర్థం కూడా ఉండగలదని తెలియజెప్పినది ఒక ఆట. ఢిల్లీకి వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరాన, బస్తరులో, ఒక నెగడు చుట్టూ ఆడిన ఆట అది.

బస్తరు అనగానే తెలుగు పాఠకునికి మొదట తుపాకి గుర్తుకు వస్తుంది. అందుకు కారణాలు లేకపోలేదు. ఆ తుపాకి కథలో మనవారి పాత్ర చిన్నది కాదు గనుక ఆ సంగతికి మళ్ళీ వస్తాను. ముందుగా ఆట సంగతి.

2023 నవంబరు 7వ తేదీన ఛత్తీస్‌గఢ్ శాసనసభ ఎన్నికలకు తొలి దశ పోలింగ్ జరిగింది. ఆనాడు ఓటు వేసిన 20 నియోజకవర్గాలలో బస్తరు ప్రాంతపు 12 స్థానాలూ ఉన్నాయి. ఒకప్పుడు బస్తరు ఒకే జిల్లా, కేరళ రాష్ట్రమంత వైశాల్యం. ఇప్పుడది ఏడు జిల్లాలుగా చీలినది. పోలింగ్ వార్తలు పంపడం ముగిసిన తరువాత, కంచు పోతపనికి పేరుగన్న కొండగావ్ పట్టణానికి కొంత దూరంలోని ఒక పల్లెలో ఒక రాత్రి ఉండవలసి వచ్చింది. అక్కడి బడిపంతులు నాకు ఆతిథ్యమిచ్చారు. ఆ ప్రాంతంలో పంతులును అందరూ “గురూజీ” అని పిలుస్తారు.

రాత్రి భోజనాలైన తరువాత ఆయన ఇంటి ముందు నెగడు చుట్టూ పదిహేను మంది చేరారు. ముసలివారు, బడిపిల్లలు, పొలం నుంచి వచ్చిన యువకులు. కొందరి మాట గోండీ, కొందరిది హల్బీ. ఎన్నికల గురించి నేనడిగిన ప్రశ్నలకు వారు మర్యాదగా, క్లుప్తంగా సమాధానాలు చెప్పారు. అటువంటి సమాధానాలను విలేఖరులు ఎరుగుదురు. వాటిలో వార్త ఉండదు. అప్పుడు గురూజీ నవ్వి, “సాబ్, ప్రశ్నలు చాలు, మీరు కూడా ఆటలోకి రండి” అన్నారు.

ఆట నియమాలు మూడే. ఒకరు కథ ఎత్తుకుంటారు, పక్కవారు అందుకుంటారు, అలా నెగడు చుట్టూ తిరిగి కథ మొదలుపెట్టినవారి దగ్గరికి రావాలి. ఎవరైనా రెండు మూడు వాక్యాలకు మించి చెప్పరాదు. ఇది మొదటి నియమం. ముందువారు కథలో పెట్టినదానిని వెనుకవారు తీసివేయరాదు, కావాలంటే మలుపు తిప్పవచ్చును. ఇది రెండవది. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది: ఒకరు తమ ముక్క చెప్పగానే మిగిలినవారు “హూఁ” అనాలి. ఎవరూ హూఁ అనకపోతే ఆ ముక్క చెల్లదు, మరొకటి చెప్పుకోవలసినదే.

ఆనాటి కథను ఒక ముసలమ్మ ఎత్తుకున్నది. ఇప్పచెట్టు ఎక్కిన ఒక ఎలుగుబంటి, కింద ఎవరో చెట్లు లెక్కపెడుతుంటే చూసి కదలకుండా ఉండిపోయిందన్నది. హూఁ. లెక్కపెట్టేవాడు ఎలుగును కూడా చెట్టే అనుకుని దాని వీపు మీద రంగుతో నంబరు వేశాడన్నాడు పక్కనున్న కుర్రవాడు. హూఁ. నంబరు వచ్చింది గనుక ఎలుగు సంచి పట్టుకుని రేషన్ దుకాణానికి పోయిందన్నాడు ఒక రైతు. అక్కడ మెషిన్ మీద వేలు పెట్టమన్నారు, గోరు అడ్డం వచ్చి మెషిన్ ఒప్పుకోలేదన్నారు గురూజీ. ఈసారి హూఁ తో పాటు నవ్వులు కూడా లేచాయి. ఆ నవ్వులో ఉన్న అనుభవం ఏమిటో వివరించనక్కరలేదు.

నా వంతు వచ్చింది. ఢిల్లీ విలేఖరికి మరేమి తోస్తుంది? ఎలుగుబంటి చేత అర్జీ పట్టించి ఢిల్లీ పంపాను. నా హిందీని గురూజీ గోండీలోకి మార్చిన తరువాత హూఁ కాస్త ఆలస్యంగా వచ్చింది. నా పక్కన పదేళ్ళ పిల్ల కూర్చున్నది. ఆమె ఏమాత్రం తడుముకోలేదు. “ఢిల్లీలో ఎలుగు తన కష్టమంతా చెప్పింది. అదేమి భాషో అక్కడ ఎవరికీ తెలియలేదు. చెప్పుకోదగిన కష్టమేమీ లేదని కాగితం మీద రాసి తిరిగి పంపేశారు” అన్నది. అందరూ ఒక్కసారిగా హూఁ అన్నారు. చివరకు కథ ముసలమ్మ దగ్గరికి వచ్చింది. ఎలుగు ఇంటికి చేరి, నంబరు చెరిగిపోయేదాకా ఇప్పచెట్టుకు వీపు రుద్దుకున్నది. లెక్కలో ఒక చెట్టు తగ్గింది. ఆ లెక్కపెట్టేవాడు ఇంకా అడవిలో లెక్కపెడుతూనే ఉన్నాడు. కథ కంచికి.

మొత్తం పావుగంట పట్టి ఉంటుంది. అటవీశాఖ, ఆధార్ అనుసంధానం, ప్రజాపంపిణీ, పరిపాలనా భాష అనే నాలుగు సమస్యలను ఆ పావుగంటలో వారు చర్చించారు. నేను సాయంత్రమంతా అడిగిన ప్రశ్నలకు రాని సమాధానాలు అవి.

ఊఁ కొట్టడం

ఈ ఆట తరతరాల ప్రాచీన ఆచారమని చెప్పి పాఠకులను మురిపించే ఉద్దేశం నాకు లేదు. ఆ పల్లెవారు, వారి గురూజీ తమకు తెలిసిన పద్ధతులను కలిపి అల్లుకున్నది కావచ్చును. కాని అందులోని సరుకు పాతదే. కథ చెబుతుండగా వినేవారు హూఁ అనడాన్ని ఛత్తీస్‌గఢీలో “హుంకారు” అంటారు. పాండవానీ గానంలో ప్రధాన గాయకునికి ఎదురుగా కూర్చుని హుంకారు ఇస్తూ, ప్రశ్నలు వేస్తూ కథను నడిపించే “రాగీ” లేనిదే ప్రదర్శన సాగదు. మనకిది కొత్త కాదు. నాయనమ్మ కథ చెబుతుంటే ఊఁ కొట్టని మనవడు ఉన్నాడా? ఊఁ ఆగితే పిల్లవాడు నిద్రపోయాడని అర్థం. కథ కూడా అక్కడితో ఆగుతుంది.

బుర్రకథలో కథకునికి అటూ ఇటూ నిలబడే ఇద్దరు వంతలలో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. కథను వర్తమానానికి ముడివేసి అడ్డు ప్రశ్న వేసే బాధ్యత ఆ రెండవవానిది. షేక్ నాజర్ వంటి మహాకళాకారుల చేతిలో ఈ ప్రక్రియ ఎంత పదునెక్కినదో పాఠకులు ఎరుగుదురు. విచిత్రమేమంటే నేటి రాజకీయ పరిభాషలో “వంత పాడడం” అంటే భజన చేయడమని అర్థం స్థిరపడిపోయింది. బుర్రకథలోని వంత కథకుణ్ణి నిలదీసేవాడు. పార్లమెంటులోని వంత బల్లలు చరిచేవాడు. మాట ఒకటే, పని తారుమారైనది.

అప్పటికప్పుడు అల్లడమంటే తెలుగువారికి అవధానం కూడా తలపునకు వస్తుంది. దత్తపదిలో పృచ్ఛకుడు పొంతన లేని నాలుగు మాటలు ఇస్తాడు. అవధాని వాటిలో ఏ ఒక్కటీ వదలకుండా పద్యంలో ఇమడ్చాలి. ఇచ్చిన మాటను కాదనరాదన్న బస్తరు ఆట నియమమే ఇక్కడా ఉన్నది. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ఈ విద్యను జనరంజకం చేశారు. అయితే అవధానంలో అడిగేవారు పలువురు, అల్లేవాడు ఒక్కడు. బస్తరు నెగడు దగ్గర కూర్చున్న ప్రతివారూ పృచ్ఛకులే, ప్రతివారూ అవధానులే.

ఆంగ్ల సాహిత్యం చదువుకున్నవారికి 1816 నాటి జెనీవా సరస్సు తీరం గుర్తుకు వస్తుంది. వానలు పట్టుకుని ఇల్లు కదలలేని ఆ వేసవిలో, తలా ఒక దయ్యం కథ రాయాలని బైరన్ తన మిత్రులకు ప్రతిపాదించాడు. ఆ పందెం నుంచే పద్దెనిమిదేళ్ళ మేరీ చేతిలో “ఫ్రాంకెన్‌స్టైన్” పుట్టి 1818లో అచ్చయింది. అక్కడ ఎవరి కథ వారిది, ఎవరి కీర్తి వారిది. ఎలుగుబంటి కథకు కర్త ఎవరని ఆ పల్లెలో అడిగితే చెప్పగలవారు ఎవరూ ఉండరు.

ఘోటుల్ అనే సభ

బస్తరులో ఇటువంటి సాయంత్రాలకు ఒక సంస్థ ఉండేది. మురియా గోండుల పల్లెలలో పెళ్ళికాని యువతీయువకుల కోసం వెలసిన ఘోటుల్ అది. యువకులను చెలిక్ అని, యువతులను మోటియారి అని పిలుస్తారు. రాత్రి భోజనాల తరువాత అక్కడ చేరి ఆడిపాడేవారు, పొడుపు కథలు విప్పేవారు, కథలు చెప్పుకునేవారు. ఈ సంస్థను లింగో అనే దైవం నెలకొల్పాడని, వాద్యాలన్నీ ఆయనే నేర్పాడని వారి విశ్వాసం.

ఇంగ్లాండులో పుట్టి, క్రైస్తవ ప్రచారకుడుగా వచ్చి, చివరకు భారత పౌరుడైన వెరియర్ ఎల్విన్ 1940లలో బస్తరులో నివసించి మురియాల ఘోటుల్ మీద 1947లో బృహద్గ్రంథం ప్రచురించాడు. రాజకీయ పాఠకులు గమనించవలసిన విశేషం ఒకటి అందులో ఉన్నది. ఘోటుల్ సభ్యులకు సిర్దార్, దీవాన్, కొత్వార్ వంటి హోదాలుండేవి. సంస్థానంలో రాజోద్యోగులకున్న పదవుల పేర్లనే యువకులు తమ సభకు తెచ్చుకున్నారు. తప్పు చేసినవారికి జరిమానాలు కూడా ఉండేవి. బయటి ప్రభుత్వాన్ని చూసి లోపల తమదైన మరొక ప్రభుత్వాన్ని నిర్మించుకున్నారన్నమాట. అందులో ప్రవేశానికి ఆస్తి అక్కరలేదు, చదువు అక్కరలేదు.

ఎల్విన్ గ్రంథం ఘోటుల్‌కు ప్రపంచ ఖ్యాతి తెచ్చింది. దాని వెంట ఉపద్రవం కూడా వచ్చింది. ఆ తరువాత వచ్చిన సందర్శకులలో, ఛాయాగ్రాహకులలో అనేకులకు అక్కడి కథలు, నియమాలు పట్టలేదు. యువతీయువకులు కలిసి ఉంటారన్న ఒక్క విషయమే పట్టింది. మురియాల గురించి బయటివారు చెప్పిన కథ మురియా పిల్లలు బడిలో తలదించుకునేటంత దూరం పోయింది. బడులు, హాస్టళ్ళు, నగరపు నీతులు, ఆ తరువాత సంఘర్షణ, అన్నీ కలిసి అనేక ఘోటుళ్ళను మూయించాయి. నారాయణపూర్, కొండగావ్ ప్రాంతాలలో కొన్ని మిగిలాయి.

కథను చేతి నుంచి చేతికి అందించుకోవడం బస్తరులో కాలక్షేపం మాత్రమేనని ఎవరైనా అనుకుంటే 1910 నాటి భూంకాల్‌ను గుర్తు చేసుకోవాలి. అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలని 1905లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రతిపాదించింది. ప్రజలు సంతలలో, జాతరలలో, ఎక్కడ నలుగురు చేరితే అక్కడ ఆ సంగతి చర్చించారు. 1910లో మామిడి కొమ్మలు, మట్టిముద్ద, మిరపకాయలు, బాణాలు ఊరి నుంచి ఊరికి ప్రయాణం చేశాయి. అక్షరం లేని ఆ లేఖను ప్రతి ఊరూ అందుకుని, తన వంతు చేర్చి, పక్క ఊరికి అందించింది. అది తిరుగుబాటు పిలుపు. నేతానార్ గ్రామానికి చెందిన గుండా ధూర్ దాని నాయకులలో ప్రముఖుడు. ప్రభుత్వ సేనలు ఆయనను ఎన్నడూ పట్టుకోలేకపోయాయి.

మనవారు చెప్పిన కథలు

ఇక మనవారి సంగతి. బస్తరు రాజవంశం తమది కాకతీయ వంశమని చెప్పుకున్నది. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇంద్రావతి దేశానికి చేరి రాజ్యం స్థాపించాడని ఐతిహ్యం. దంతేశ్వరీదేవి అందె చప్పుడుతో ఆయన వెంట వచ్చిందని, వెనుదిరిగి చూడవద్దన్న షరతును ఆయన మీరడంతో దంతెవాడ దగ్గర నిలిచిపోయిందని చెబుతారు. ఆ వంశంలో చివరి మహారాజుగా ప్రజలు కొలిచిన ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ 1966 మార్చి 25న జగదల్‌పూర్ ప్రాసాదంలోనే పోలీసు కాల్పులలో మరణించారు.

1980లో మరొకసారి తెలుగువారు గోదావరి దాటి బస్తరు వెళ్ళారు. ఈసారి పీపుల్స్ వార్ దళాలుగా వెళ్ళారు. తునికాకు కూలి రేట్ల మీద, అటవీ సిబ్బంది వేధింపుల మీద వారు పనిచేశారు, గోండీ నేర్చుకున్నారు, పాటలు కట్టారు. మన పల్లెలలో “అన్నలు” అన్నవారినే బస్తరులో “దాదాలు” అన్నారు. వారు చేసిన మేలెంత, కీడెంత అన్న తర్కం ఇక్కడ నా విషయం కాదు. కథ చెప్పే వంతు ఎవరిది అన్నదే విషయం. నాలుగు దశాబ్దాలు గడిచినా ఉద్యమ అగ్రనాయకత్వంలో తెలుగువారి సంఖ్యే అధికం. తుపాకి మోసినవారిలో, చనిపోయినవారిలో గోండుల సంఖ్య అధికం.

2005లో ప్రభుత్వం అండతో సల్వాజుడుం మొదలైంది. వందలాది గ్రామాలు ఖాళీ అయ్యాయి. వేలాది మంది శిబిరాలకు చేరగా, మరెందరో గోదావరి వైపు నడిచి ఖమ్మం, వరంగల్ అడవులకు వచ్చారు. మన పత్రికలు వారికి “గొత్తికోయలు” అని పేరు పెట్టాయి. ఆ పేరు వారు పెట్టుకున్నది కాదు. వారి భూమి హక్కులు, కులధ్రువీకరణ పత్రాలు నేటికీ వివాదాలలోనే ఉన్నాయి.

2011 జులై 5న సుప్రీంకోర్టు సల్వాజుడుం పద్ధతి రాజ్యాంగవిరుద్ధమని, ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా పోరాటానికి పంపడం ఆపివేయాలని తీర్పు ఇచ్చింది. తీర్పు వెలువరించిన ఇద్దరు న్యాయమూర్తులలో జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి మనవారే. ఆంగ్ల సాహిత్య విద్యార్థినైన నన్ను ఆకర్షించిన విషయం, ఆ తీర్పు జోసెఫ్ కాన్రాడ్ కాంగో నవల “హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్”ను ప్రస్తావించడం. బస్తరు దుఃఖాన్ని దేశానికి వివరించడానికి న్యాయస్థానం ఆఫ్రికా మీద ఒక ఐరోపా రచయిత రాసిన కథను ఆశ్రయించవలసి వచ్చింది. న్యాయమూర్తుల తప్పేమీ లేదు. బస్తరువారి సొంత కథ ఢిల్లీ గ్రంథాలయాలలో అందుబాటులో ఉంటే గదా!

2025 ఆగస్టులో ఆ తీర్పు మళ్ళీ వార్తలకెక్కింది. సుదర్శన్‌రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలిచారు. ఆ తీర్పు నక్సలైట్లకు తోడ్పడిందని హోంమంత్రి విమర్శించారు. మాజీ న్యాయమూర్తులు కొందరు ఆ విమర్శను ఖండించారు. రెండు వారాలు ఢిల్లీలో వాదోపవాదాలు జోరుగా సాగాయి. న్యాయమూర్తులు మాట్లాడారు, మంత్రులు మాట్లాడారు, మా విలేఖరులందరమూ రాశాము. ఎవరి ఇళ్ళు కాలిపోయాయన్న విషయం మీద ఆ తీర్పు వచ్చిందో వారి గొంతు ఆ రెండు వారాలలో నా చెవిన పడలేదు.

అదే సంవత్సరం మే 21న, మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాళ్ళ కేశవరావు అబూజ్‌మాడ్ అడవులలో భద్రతా దళాల చేతిలో మరణించారు. నవంబరు 18న, సుక్మా జిల్లా పువర్తి గ్రామానికి చెందిన మాడ్వి హిడ్మా మన మారేడుమిల్లి అడవులలో మరణించారు. తెలుగు నాయకుడు గోండుల అడవిలో నేలకొరిగితే, గోండు నాయకుడు తెలుగు అడవిలో నేలకొరిగాడు. 2026 మార్చి 31 నాటికి మావోయిస్టు ఉద్యమాన్ని నిర్మూలిస్తామని కేంద్రం గడువు ప్రకటించి చేపట్టిన కార్యక్రమంలో ఇవి రెండు ఘట్టాలు. తుపాకి కథ ముగింపునకు వస్తున్నదన్న మాట ఢిల్లీలో గట్టిగా వినిపించింది. తరువాతి కథ గనులదా, రహదారులదా, బడులదా? దానిని ఎత్తుకునేది ఎవరు?

రాజ్యాంగంలో వంతు

ఈ ప్రశ్నకు రాజ్యాంగ సభలోనే ఒకరు సమాధానం సూచించారు. 1949 సెప్టెంబరులో భాషల మీద జరిగిన చర్చలో, జైపాల్ సింగ్ ముండా ఆదివాసీ భాషలలో మూడింటినైనా షెడ్యూలులో చేర్చవలసిందని కోరారు. ఆ మూడు ముండారి, గోండీ, ఒరావన్. సభ అంగీకరించలేదు. రాజ్యాంగం 14 భాషలతో వెలువడినది. ఆ తరువాత సవరణల మీద సవరణలు వచ్చి ఆ సంఖ్య 22కు పెరిగింది. 2003 నాటి 92వ సవరణతో సంతాలీకి స్థానం దక్కింది. జైపాల్ సింగ్ కోరిన మూడు భాషలలో ఒక్కటి కూడా నేటివరకు చేరలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాతృభాషగా గలవారు 29 లక్షల 84 వేల మంది. షెడ్యూలులో ఉన్న సంస్కృతాన్ని మాతృభాషగా పేర్కొన్నవారు 24,821 మంది. సంస్కృతానికి స్థానం ఉండరాదని నా వాదన కాదు. దాని గౌరవానికి కారణం సంఖ్య కాదని అందరికీ తెలుసు. సంఖ్యను బట్టి మాట్లాడే నిమిషాలు పంచే సభలో, సంఖ్య ఉన్న భాషకు మాత్రం నిమిషం కూడా దక్కకపోవడం ఎట్లా సమంజసమన్నదే ప్రశ్న.

రాజ్యాంగం 120వ అధికరణం ప్రకారం పార్లమెంటు కార్యకలాపాలు హిందీలో గాని, ఇంగ్లీషులో గాని జరగాలి. ఆ రెండూ తగినంతగా రాని సభ్యుడు సభాపతి అనుమతితో మాతృభాషలో మాట్లాడవచ్చును. అంటే బస్తరు, కాంకేర్ రిజర్వుడు స్థానాల సభ్యులు గోండీలో ప్రసంగించడానికి చట్టం అడ్డురాదు. కాని ప్రసంగాన్ని అనువదించేవారు ఉండాలి గదా! రాజ్యసభలో 2018 నుంచి షెడ్యూలులోని 22 భాషలకూ తక్షణ అనువాద సౌకర్యం ఏర్పడినది. సభాధ్యక్షులుగా ఉండి ఆ ఏర్పాటు చేసినవారు మన వెంకయ్యనాయుడు. ఆ సౌకర్యం షెడ్యూలు గీత దగ్గర ఆగిపోయింది. గీతకు అవతల నిలబడినవారు చెప్పిన మాటకు సభలో ఊఁ కొట్టేవారుండరు. పదేళ్ళ పిల్ల నెగడు దగ్గర చెప్పిన ఎలుగుబంటి కథలో అతిశయోక్తి ఏమీ లేదని దీనినిబట్టి తెలుస్తుంది.

ఈ విషయంలో తెలుగు ప్రాంతానికి ఒక మంచి పూర్వచరిత్ర ఉన్నది. 1940లో కుమ్రం భీము పోరాటాన్ని అణచివేసిన తరువాత, ఆదిలాబాదు గోండుల స్థితిగతులను పరిశీలించడానికి నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను నియమించింది. ఆయన మార్లవాయిలో కూర్చుని గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే శిక్షణ కేంద్రం నడిపారు. గోండీలో వాచకాలు తయారు చేయించారు. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల ద్వారా గోండీకి సొంత లిపి ఒకటి ఉన్నదని లోకానికి తెలిసింది. ఆ లిపికి 2018లో అంతర్జాతీయ యూనికోడ్ ప్రమాణంలో స్థానం లభించింది. కంప్యూటర్ల ప్రపంచం చోటిచ్చిన భాషకు రాజ్యాంగపు షెడ్యూలు ఇంకా చోటివ్వవలసి ఉన్నది.

గోండీ మనకు పరాయి భాష కాదు. తెలుగు వలెనే ద్రావిడ కుటుంబంలోనిది. రండ్, మూండ్, నాలుంగ్ అని ఆ పల్లె పిల్లలు అంకెలు చెబుతుంటే నాకు అనువాదకుడు అక్కరలేకపోయినాడు. రాయపూర్‌లోని అధికారికంటె భద్రాచలంలోని తెలుగు రైతుకు ఆ అంకెలు దగ్గరివి. అయినా ఆ భాషకు వంతు కావాలని పార్లమెంటులో తెలుగు సభ్యులు పక్షభేదం లేకుండా నిలబడిన సందర్భం నా అనుభవంలో లేదు.

కొన్ని ప్రయత్నాలు కింది నుంచి జరిగాయి. పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి ఆధ్వర్యంలో 2010లో మొదలైన “సీజీనెట్ స్వర” అనే సేవ ద్వారా ఫోనులో ఎవరైనా తమ మాటను తమ భాషలోనే వినిపించే వీలు కలిగింది. చేతి పంపు చెడిపోయిందన్న ఫిర్యాదూ, పెళ్ళిపాటా ఒకే చోట వినిపించాయి. అక్షరం రానివారు కూడా విలేఖరులు కావచ్చునని అది నిరూపించింది. ప్రాథమిక తరగతులలో గోండీ, హల్బీ మొదలైన భాషలలో బోధన జరుగుతుందని 2020 గణతంత్ర దినోత్సవాన ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి ప్రకటించారు. వాచకం అచ్చు వేయడం సులభమే. ఆ భాష వచ్చిన ఉపాధ్యాయుణ్ణి ఆ బడికి పంపి అక్కడ నిలపడం కష్టం. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన సౌకర్యాలు కల్పించవలసిందని 350ఎ అధికరణం 1956 నుంచి చెబుతూనే ఉన్నది.

గోండీని షెడ్యూలులో చేర్చినంత మాత్రాన బస్తరు కష్టాలు తీరిపోతాయని ఎవరూ అనరు. సంతాలీ చేరిన తరువాత సంతాల్ పల్లెలకు స్వర్గం దిగిరాలేదు. కాని పోటీ పరీక్ష రాసేవానికి, అర్జీ పెట్టేవానికి, సభలో నిలబడే సభ్యునికి అది ఒక మెట్టు. గ్రామసభ తీర్మానం లేనిదే షెడ్యూల్డు ప్రాంతాలలో భూసేకరణకు పూనుకోరాదని చట్టాలు చెబుతున్నాయి. ఆ గ్రామసభలో అధికారి హిందీలో చదివి వినిపించిన కాగితానికి గోండీ మాత్రమే తెలిసిన ముసలమ్మ వేసిన వేలిముద్రను అంగీకారమని ఎట్లా అంటాము? ఇనుప ఖనిజపు కొండల మీద, కొత్త రహదారుల మీద, కొత్త శిబిరాల మీద ఇక ముందు జరగబోయే సంప్రదింపులన్నిటికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది.

తుపాకులు మూగవోయిన తరువాతి బస్తరుకు ఏమి కావాలో చెప్పడానికి ఢిల్లీలో నిపుణులకు కొరత లేదు. వారిలో తెలుగువారు కూడా ఉంటారు. ఏడు వందల ఏళ్ళలో ఒకసారి రాజులుగా, ఒకసారి విప్లవకారులుగా, ఒకసారి న్యాయమూర్తులుగా, ఎల్లవేళలా విలేఖరులుగా ఆ నేల కథను మనవారు చెబుతూ వచ్చారు. మన వంతు ఎప్పుడో అయిపోయింది. తమ కథను తమ భాషలో ఎత్తుకోవలసినవారికి పార్లమెంటు ఒక అనువాదకుణ్ణి ఇవ్వాలి, ప్రభుత్వం ఒక ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలి. మనం కాసేపు కూర్చుని ఊఁ కొట్టడం నేర్చుకోవాలి.